బెల్లం కుడితి

ఆ రోజు గొడవంతా ఒక ఇత్తడి గరిటె గురించి.

పులుసు వడ్డించే గరిటె అది. కాడ పొడుగ్గా ఉండి చివర కొక్కెంలా వంగి ఉంటుంది. పదేళ్ళ క్రితం విశాఖపట్నంలో నన్ను స్టీమరు ఎక్కిస్తూ మా అమ్మ నా పెట్టెలో పెట్టింది. అప్పటినుంచి దానితో పులుసు తప్ప మరొకటి కలపలేదు. ఆ ఉదయం వంటింట్లో మేకుకి గరిటె కనిపించలేదు. పెరట్లోకి వెళ్ళి చూస్తే, మా తోటికోడలు చిన్నమ్మి పెద్ద గంగాళం ముందు గొంతుకూర్చుని దానితోనే ఎడ్ల కుడితి కలుపుతోంది.

"ఏమిటది చిన్నమ్మీ?"

"కుడితప్పా," అంది తలెత్తకుండా. సాలూరు వైపు అక్కని అప్ప అంటారు. నన్ను అలాగే పిలిచేది.

"కుడితని నాకూ తెలుసు. గరిటె సంగతి అడుగుతున్నాను."

"సెక్క తెడ్డు ఇరిగిపోనాదప్పా. కడిగి ఎట్టేస్తానులే."

"కడిగితే సరిపోతుందా? మనుషులు తినే పులుసులోకి అది."

"ఇందులో మాత్రం ఏటున్నాదని? గంజి, తవుడు, తాటిబెల్లం, సొంటి, ఉప్పు. కాసింత నాలిక్కి రాసుకో, నీ పులుసు కంటే బాగుంటాది." అని గరిటె నా వైపు చాచి పకపకా నవ్వింది.

లోపల్నుంచి మా అత్తగారు తాయారమ్మగారు కేక వేశారు. "గరిటె కోసరం ఏటే పెద్దమ్మాయీ ఆ రాద్ధాంతం? ఇయ్యాల ఇంటికి మంచిపేరు తెస్తన్నది ఆ కుడితే గదా! పోనీ నాకు దాంతోనే వడ్డించు, నాకేటీ రోగం రాదులే."

చిన్నమ్మి చేతిలోంచి గరిటె తీసుకుని చింతపండుతో ఒకసారి, బూడిదతో రెండుసార్లు తోమి మేకుకి తగిలించాను. మర్నాడు అది మళ్ళీ గంగాళంలో ఉంది. మళ్ళీ తోమాను. నా కోపం గరిటె మీద కాదని నాకు తెలుసు. కాని గరిటెనైతే తోమవచ్చు.

మేము రంగూనులో, అహ్లోన్ పేటలో బియ్యం మిల్లుల వెనక వీధిలో ఉండేవాళ్ళం. మా వారు కూర్మనాథంగారు ఒక కంట్రాక్టరు సాహెబు దగ్గర దాణా యార్డు చూసేవారు. ఆ సాహెబు రేవులో ఆగే ఓడలకి మాంసం సరఫరా చేసేవాడు. పై జిల్లాల్లో ముసలివై బండికి పనికిరాని ఎడ్లని కొని, కాలవ అవతల తాకేటా పొలాల్లో ఆరు వారాలు మేపేవారు. తర్వాత అహ్లోన్ యార్డుకి తోలుకొచ్చి కట్టేవారు. అక్కణ్ణుంచి కబేళాకి. నేనిక్కడ రాసినంత సూటిగా ఈ మాట మా ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. "మిల్లు ఎడ్లు" అనేవారు, లేకపోతే "సరుకు" అనేవారు. మా వారు ఇంటికి రాగానే పెరట్లో నూతి దగ్గర స్నానం చేసి, బట్టలు మార్చుకుని గానీ గడప లోపల అడుగు పెట్టేవారు కాదు. అత్తగారికి అన్నీ తెలుసు. తెలిసి, తెలియనట్టు తులసి కోటకి నీళ్ళు పోసుకునేవారు. మా మరిది సన్యాసి బోటాటౌంగ్ రేవులో పని చేసేవాడు, ఆ మాంసం ఏ ఓడకి ఎక్కుతుందో కూడా అతనికి తెలుసు. తెలియనిది ఒక్క చిన్నమ్మికే. ఆమె కిందటి కార్తీకంలో కాపురానికి వచ్చింది. ఎడ్లంటే ప్రాణం పెట్టే బండివాడి కూతురు గనక ఆమెకి చెప్పొద్దని సన్యాసి అందరినీ బతిమాలుకున్నాడు.

నేను మద్రాసులో ఆడపిల్లల కాలేజీలో రెండేళ్ళు చదివాను. రంగూను వచ్చాక ఆ చదువు చాకలి పద్దుకి తప్ప దేనికీ పనికిరాలేదు. చిన్నమ్మి రావడానికి ముందు సంవత్సరం మాత్రం ఒక మంచి రోజు వచ్చింది. సాహెబు పశువుల మేపు గురించి ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెప్పించి మా వారి చేతిలో పెట్టాడు. ఆయనకి ఇంగ్లీషు ఉత్తరాలు వచ్చు, పుస్తకాలు రావు. దీపం పెట్టాక బల్ల దగ్గర ఇద్దరం కూర్చునేవాళ్ళం. నేను ఒక్కొక్క పేజీ చదివి తెలుగులో చెప్పేదాన్ని, ఆయన రాసుకునేవారు. తెలకపిండి ఎంత, తవుడు ఎంత, ఏ వారం ఎంత పెంచాలి, ఎండుగడ్డి ముందు వెయ్యాలా దాణా ముందా. మధ్యమధ్య కలం ఆపి, "మేష్టారమ్మా, కాస్త నెమ్మది," అనేవారు. పెళ్ళయిన పదేళ్ళలో ఆయన నన్ను నెమ్మదిగా మాట్లాడమని అడిగింది అప్పుడే. అంతకు ముందు ఏ సంగతైనా, వంట అయిందా అన్నంత పొడుగే మా మాటలు.

ఆ పుస్తకం ప్రకారం మేపిన ఎడ్లు బలిశాయి. పక్కటెముకలు కనిపించేవి కండ పట్టాయి. సాహెబు సంతోషించాడు. కాని ఓడల మీద బట్లర్లు మాత్రం సరుకు వెనక్కి పంపుతూనే ఉన్నారు. మాంసం నల్లగా ఉంటోందనీ, కోస్తే కత్తికి బంకలా అంటుకుంటోందనీ వాళ్ళ ఫిర్యాదు. కోతకి ముందు ఒక పగలూ ఒక రాత్రీ మేత మాన్పించాలని పుస్తకంలో ఉంది, అలాగే చేస్తున్నాం. నేను మూడుసార్లు ఆ పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివాను. నలుపు ఎందుకు వస్తుందో అందులో లేదు.

ఒక సాయంత్రం ఆయన బల్ల దగ్గర తల పట్టుకుని కూర్చున్నారు. తలుపు చాటున చిన్నమ్మి బియ్యం ఏరుతోంది.

"ఆ ఎడ్లు యార్డుకి వచ్చేసరికే సగం చచ్చి ఉంటున్నాయి," అన్నారాయన నాతో. "తాకేటా నుంచి అంత దూరం నడవడం, పడవ దాటడం, ఆ మిల్లుల మోత, ఆ జనం. బెదిరిపోతున్నాయి."

"నడిచొచ్చిన గొడ్డుకి ఏటెడతన్నారు బావా?" తలుపు చాటునుంచి వచ్చింది ప్రశ్న.

ఆయన తిరిగి చూశారు. "ఏమీ పెట్టటం లేదమ్మా. ఒక రోజు ఖాళీ కడుపుతో ఉంచాలిట."

"ఓలమ్మో! ఎవలు సెప్పినారు ఆ మాట?"

"పుస్తకం," అన్నాను నేను.

"ఆ పుస్తకం రాసినోడు ఎప్పుడైనా బండి తోలినాడేటప్పా?" అంది. హేళనగా అనలేదు, నిజంగానే అడిగింది. "మా అయ్య సాలూరు ఘాటీ మీద బళ్ళు తోల్తాడు. సందేల కాడి దించగానే ముందు బెల్లం కుడితి. ఉడుకుడుకు గంజిలో తవుడేసి, బెల్లం కరగబెట్టి, సొంటి, ఉప్పు. అది తాగి రాత్రంతా కదలకుండా పడుకుంటే, తెల్లారేసరికి ఎద్దు మల్లా ఎద్దయిపోతాది. తాగించకపోతే కండలు కట్టెలైపోతాయి. నడిచింది గదా, ఒంట్లో ఉన్న తీపంతా నడకే తినేసింది. మల్లా పొయ్యొద్దేటి?"

మా వారు కలం తీసుకున్నారు. చిన్నమ్మి చెప్పిందంతా రాసుకున్నారు, నేను చెప్పింది రాసుకునే ఆ నోటుపుస్తకంలోనే, తర్వాతి పేజీలో.

వారం తిరక్కుండా మాంసం ఎర్రబడింది. బట్లర్లు మాట్లాడకుండా తీసుకున్నారు. ఒక ఓడవాళ్ళయితే, ఇదే సరుకు ప్రతిసారీ కావాలని సాహెబుకి చీటీ పంపారు. బరువు నా పుస్తకం వల్ల వచ్చింది. రంగు ఆమె కుడితి వల్ల వచ్చింది. కాని బరువు త్రాసుకి తెలుస్తుంది, రంగు అందరికీ కనిపిస్తుంది.

అప్పటినుంచి దీపం పెట్టే వేళకి ఆయన బల్ల దగ్గరికి రావడం మానేశారు. వంటింట్లో పీట వేసుకుని కూర్చునేవారు. "చిన్నమ్మీ, శొంఠి బదులు అల్లం వేస్తే? చిన్నమ్మీ, బాగా బెదిరిన ఎద్దుకి ఎంత పట్టాలి?" ఆ పేరు ఒక సాయంత్రం పదకొండుసార్లు లెక్కపెట్టాను. ఆమె కూర తరుగుతూ, పోపు వేస్తూ, పిల్లితో మాట్లాడుతూ జవాబులు చెప్పేది. ఆయన చెప్పింది సరిగ్గా ఉంటే, "అదీ! మా బావకి తెలివున్నాది," అని మెచ్చుకునేది. ఆయన నవ్వేవారు. నా పుస్తకం చదువుతున్నప్పుడు ఆయన ఎప్పుడూ నవ్వలేదు. నేను నవ్వించేలా చదవలేదు.

ఈ అసూయలో మరో రకం మలినం లేదని ముందే చెప్పాలి. ఆయన మంచివారు, ఆమె పసిపిల్ల లాంటిది. ఆ సంగతి తెలుసు గనకే నాకు ఎవరితోనూ చెప్పుకునే దారి లేకపోయింది. ఆయన నాకివ్వని దేన్నీ ఆమెకివ్వలేదు, ఆ సాయంత్రాలు తప్ప. ఇంకా ఒకటి, గొడుగు. జ్యేష్ఠం వస్తూనే వానలు పట్టుకున్నాయి. ఒకరోజు ఆయన బజారు నుంచి నూనె కాగితంతో చేసిన బర్మా గొడుగు తెచ్చారు. ఎర్రటిది, అంచు చుట్టూ పసుపు పచ్చని పూలు. "యార్డు ఎడ్ల వైద్యురాలికి," అని చిన్నమ్మి చేతిలో పెట్టారు. అత్తగారు మురిసిపోయారు. నా నల్ల గొడుగు కడ్డీ విరిగి అప్పటికి రెండు నెలలైంది.

"బాగుందా అప్పా?" అని చిన్నమ్మి నడవాలో గొడుగు విప్పి తిప్పింది.

"బాగుంది. ఇంట్లో విప్పకు," అన్నాను.

కుడితి పాకం ఇంట్లోనే కాచేది. సాయంత్రానికి యార్డు కూలీలు కావడి మీద మోసుకుపోయి అక్కడ నీళ్ళు కలిపేవారు. చిన్నమ్మి యార్డు ఎప్పుడూ చూడలేదు. కాని ఎడ్లు మా వీధినే వచ్చేవి. తెరచాటు నుంచి ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టేది. మర్నాడు మా వారిని అడిగేది. "ఆ ఇరిగిన కొమ్మెద్దు తాగినాదా బావా? ఆ సుక్కలెద్దు?" ఆయన, "తాగిందమ్మా," అని స్నానానికి వెళ్ళిపోయేవారు. ఒకసారి సన్యాసితో అంటుంటే విన్నాను.

"మిల్లు బళ్ళన్నీ సూస్తన్నాను. మన ఎడ్లు ఒక్కటీ కనపడదేటి?"

"వేరే మిల్లుకి పంపేస్తారే," అన్నాడు సన్యాసి, అన్నంలోంచి తల ఎత్తకుండా.

"ఎన్ని మిల్లులున్నాయేటి ఈ ఊర్లో?"

"సానా."

ఏరువాక పున్నమి శనివారం పడింది. ఇక్కడ మాకు దుక్కీ లేదు, నాగలీ లేదు. అయినా ఆ పండగకి ఎడ్లని కడిగి, కొమ్ములకి రంగు పూసి, బొట్టు పెట్టి, పొంగలి తినిపించడం చిన్నమ్మికి తెలిసిన అన్నిటికంటే పెద్ద పండగ. వారం ముందునుంచే పోరు పెట్టింది.

"బావా, ఒక్కసారి తీసుకెల్లండి. ఇన్ని ఎడ్లకి కుడితెట్టినాను. పున్నమినాడు ఒక్క బొట్టెట్టి వొచ్చేస్తాను."

"యార్డంతా బురదమ్మా."

"బురద నాకు కొత్తేటి?"

"కూలీలంతా మొగవాళ్ళు."

"అత్తని తీసుకెల్తాను."

"నన్ను లాక్కే తల్లీ," అన్నారు అత్తగారు గబుక్కున.

మా వారు నా వైపు చూశారు. ఎన్నో వారాల తర్వాత చూసిన చూపు అది. ఏదో ఒకటి చెప్పి ఆపు అని ఆ చూపుకి అర్థం. నేను ఆపగలను. ఆమెకి నా మాట మీద గురి ఉంది. పండగపూట ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళకూడదని ఒక్క ముక్క అంటే నమ్మేది. నేను విస్తరి తుడుస్తూ ఉండిపోయాను.

శనివారం పొద్దున్నే ఆయన సరుకు చూడడానికి తాకేటా వెళ్ళారు. సన్యాసి రేవుకి వెళ్ళాడు. అత్తగారు పూజలో ఉన్నారు. చిన్నమ్మి నడవాలో దిగులుగా కూర్చుని ఉంది. పసుపు, కుంకుమ, ఎర్రరంగు కలిపిన ముంత పక్కన పెట్టుకుని ఉంది.

"లే. నేను తీసుకెళ్తాను," అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. "నిజంగానా అప్పా? బావ తిడతారేమో!"

"నేను చెప్పుకుంటాను."

ఆమె మీద జాలితో తీసుకెళ్తున్నానని దారిపొడుగునా నాకు నేను చెప్పుకున్నాను. ఎప్పటికైనా తెలియాల్సిందే, అబద్ధంలో ఎంతకాలం ఉంచుతారు, చదువుకున్నదాన్ని, నేనైనా నిజం వైపు ఉండొద్దా అని. అవన్నీ సరైన మాటలే. వాటి అడుగున మరో మాట ఉంది. చూసిందంటే ఇక జన్మలో గంగాళం ముట్టుకోదు.

ఎర్ర గొడుగు కింద ఇద్దరం నడిచాం. నేను వద్దన్నా వినకుండా ఆమె గొడుగు నా వైపే ఎక్కువ పట్టింది. ఆమె ఎడమ భుజం తడిసిపోయింది.

యార్డు గేటుకి ఎదురుగా ఉన్న టీ దుకాణంలో ఊ కిన్ మౌంగ్ కూర్చుని ఉన్నాడు. తాకేటా నుంచి ఎడ్లని తోలుకొచ్చే ముసలాయన. ఆయన బౌద్ధుడు. ఎన్ని మందలు తెచ్చినా గేటు దాటి లోపలికి అడుగు పెట్టడు. బయటే అప్పగించి, టీ తాగి వెనక్కి వెళ్ళిపోతాడు. నన్ను చూసి లేచి వచ్చాడు. చిన్నమ్మి చేతిలో ముంత చూశాడు.

"ఈ అమ్మాయేనా తీపి కుడితి చేసేది?" అని బర్మీస్‌లో అడిగాడు. నాకు ఆ భాష వచ్చు, చిన్నమ్మికి రాదు.

"అవును."

"లోపలికి తీసుకెళ్తున్నారా? ఆమెకి తెలుసా?"

"తెలుస్తుంది," అన్నాను.

ముసలాయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత దారి ఇచ్చి పక్కకి జరిగాడు.

"ఏటంటన్నాడప్పా తాత?"

"జాగ్రత్తగా వెళ్ళమంటున్నాడు. జారుతుందిట."

లోపల రేకుల కొట్టం కింద పధ్నాలుగు ఎడ్లు వరసగా కట్టి ఉన్నాయి. గేటు పక్క గుంజకి ఒక పెద్ద మేకు ఉంది. దానికి తాళ్ళు గుత్తులుగా వేలాడుతున్నాయి. సన్నటివి, నలిగినవి, కొన్నిటికి ఎర్ర పూసలు, ఒకదానికి చిన్న ఇత్తడి గంట. నేను ఎన్నోసార్లు ఆ గేటు ముందునుంచి వెళ్ళాను. వాటిని చూసి తాళ్ళే అనుకున్నాను. నేను చదివిన పుస్తకంలో వాటి గురించి లేదు.

చిన్నమ్మి వాటి దగ్గరే ఆగిపోయింది. చేత్తో ఒక తాడు ఎత్తి చూసింది. తర్వాత ఎడ్ల వైపు చూసింది. ఒక్క ఎద్దు ముక్కుకీ తాడు లేదు. అన్నిటినీ మెడకి కట్టేశారు.

"ముకుతాళ్ళు తీసేసినారేటప్పా?"

నేను గొడుగు ముడిచాను.

"ముకుతాడు లేకుండా ఎద్దుని బండికెలా కడతారు?" అని తనలో తను అనుకున్నట్టు అంది. "ఎవలూ కట్టరు." కాసేపు ఆ గంట వేలితో తడుముతూ నిలబడింది. "మా అయ్య ఎద్దుకి ముకుతాడు ఒక్కసారే తీస్తాడప్పా. అది సచ్చిపోనాక, గొయ్యిలో దించబోయే ముందల."

నేను ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నదేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఎడ్ల తొడల మీద తారుతో వేసిన అంకెల అర్థం చెప్పనక్కర్లేకపోయింది. ఏడుస్తుందని చూశాను. కూలబడిపోతే పట్టుకోవడానికి చెయ్యి సిద్ధంగా ఉంచుకున్నాను. ఓదార్చడానికి మాటలు కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

ఆమె ఏడవలేదు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని కొట్టంలోకి వెళ్ళింది. వరసలో మొదటి ఎద్దు నుదుట చెయ్యి పెట్టి నిలబడింది, అది బుస కొట్టడం మానేదాకా. పసుపు రాసి బొట్టు పెట్టింది. కొమ్ములకి రంగు పూసింది. ముందు రోజు పంపిన పాకం మూల బానలో ఉంటే, బకెట్టులో నీళ్ళు కలిపి మూతి దగ్గర పట్టింది. అది తాగేదాకా కదలలేదు. పధ్నాలుగింటికీ అలాగే. చివర ఉన్న, కొమ్ము విరిగిన మరో ఎద్దు బకెట్టు అడుగు దాకా నాకి, ఆమె మోచేయి కూడా నాకింది. కూలీలు పని ఆపి చూస్తూ నిలబడ్డారు. ఒకడు నవ్వబోయి మానేశాడు. నేను తడిసిన గొడుగు పట్టుకుని గేటు దగ్గరే ఉన్నాను. నేను లోపలికి వెళ్ళలేదు.

తిరిగి బయల్దేరాం. వాన ఎక్కువైంది. గొడుగు మళ్ళీ నా వైపే పట్టింది.

ఇంటికి వచ్చి గంగాళం బోర్లించింది. నా గరిటె తోమి మేకుకి తగిలించింది, బూడిదతో రెండుసార్లు, చింతపండుతో ఒకసారి. నేను తోమే పద్ధతే. ఆ సాయంత్రం పొయ్యి మీద పాకం పెట్టలేదు.

"పాకమేదీ?" అన్నారు మా వారు తాకేటా నుంచి వచ్చి.

"పండగపూట కదరా. రేపు ఆదివారం యార్డుకి సెలవే గదా," అన్నారు అత్తగారు. చిన్నమ్మి తలనొప్పని గదిలో పడుకుంది.

నేను దీపం వెలిగించి బల్ల మీద పెట్టాను. పుస్తకం తీశాను. మా వారు కాసేపు వంటింటి గుమ్మం దగ్గర తచ్చాడి, చివరికి వచ్చి కూర్చున్నారు. పేజీ తిప్పి చదవడం మొదలుపెట్టాను. ఆయన కలం తీశారు. నేను కోరుకున్నది నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. కాని ఆయన చెవి మాత్రం చిన్నమ్మి గది వైపే ఉంది. నేను ఎంత వేగంగా చదివినా నెమ్మది అనలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో అందరం ఒక్కసారే కూర్చుని భోంచేస్తాం. అది నేను పెట్టిన పద్ధతి. అత్తగారు మొదట సణిగారు, తర్వాత అలవాటు పడ్డారు. ఆ రోజు చేపల పులుసు. నేను వడ్డిస్తున్నాను.

సన్యాసి సరదాగా ఉన్నాడు. "అన్నా, మా ఇంటిదానికి సాయెబు కూడా ఓ గొడుగు పంపుతాడేటి? ఒకటి ఎండకి, ఒకటి వానకి!"

"పంపినా పంపుతాడు," అన్నారు మా వారు. "చిన్నమ్మీ, కొత్త ఓడవాళ్ళు..."

"బావా," అంది చిన్నమ్మి. "మీకొక మాట సెప్పాల."

ఆమె ఆయన మాటకి అడ్డు రావడం అదే మొదలు.

"నిన్న అప్ప నన్ను యార్డుకి తీసుకెల్లింది."

అందరి చేతులూ ఆగాయి. మా వారు నా వైపు చూశారు. నేను పులుసు గిన్నెలోకి చూశాను.

"అవి మిల్లు ఎడ్లు కావు," అంది. గట్టిగా కూడా అనలేదు. "ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఈయనకీ తెలుసు. నాకొక్కర్తికే తెల్దు."

"నువ్వు బాధపడతావనే..." అన్నాడు సన్యాసి.

"బాధపడినాను. అయిపోనాది." అన్నం ముద్ద కంచం అంచుకి పెట్టి నా వైపు తిరిగింది. "ఇంతమందిలో అప్పొక్కర్తే నాకు సూపించింది."

ఆ కళ్ళలో ఉన్నది కృతజ్ఞతో, లేక నేను ఎందుకు చూపించానో అర్థమైన చూపో నాకు ఈనాటికీ తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

అత్తగారు కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. "మానేయే అమ్మీ. ఆ గంగాళం ఎవలికైనా ఇచ్చీ. ఆ పాపం మనకొద్దు."

"నాను మానేస్తే అవి ఇంటికెల్లిపోతాయేటత్తా? మల్లా ఖాళీ కడుపుతో కట్టేస్తారు. అంతే గదా అయ్యేది." చిన్నమ్మి మా వారి వైపు తిరిగింది. "బావా, రేపు సందేల నించి యార్డుకి నానే ఎల్తాను. ఈయన రేవు నించి వొచ్చి తోడుంటారు. కుడితి అక్కడే కాస్తాను, ఈ ఇంట్లో కాయను. నా సేత్తో తాగిస్తాను. ముకుతాళ్ళు కూడా నానే ఇప్పుతాను. మీ కూలోల్లు కత్తెట్టి కోసి లాగేస్తన్నారు, ముక్కులు సీరుకుపోతన్నాయి. సాయెబుకి సెప్పండి."

"ఆడది కబేళా గుమ్మంలో..." అని అత్తగారు మొదలుపెట్టారు.

"ఇంకోటి," అంది చిన్నమ్మి. "మాంసం ఎలాగొచ్చిందో, ఓడోల్లు ఏటన్నారో నాకు సెప్పకండి. నన్నేటీ అడక్కండి. ఆ సంగతులు అప్పకి సెప్పండి. పుస్తకం అప్ప కాడున్నాది."

నేను పోగొట్టుకున్న సాయంత్రాలన్నీ ఆమె అలా తీసి నా ముందు పెట్టింది, తనకి అక్కర్లేని గిన్నె జరిపినట్టు.

సన్యాసి అన్న ముఖం చూస్తూ కూర్చున్నాడు. "సరేనమ్మా. సాహెబుతో నేను చెప్తాను. నువ్వు చెప్పినట్టే," అన్నారు మా వారు చివరికి. ఆ గొంతు నేను ఎరగను. పదేళ్ళలో నాకు ఆ గొంతుతో ఒక్క జవాబు రాలేదు.

చిన్నమ్మి పక్కకి పెట్టిన ముద్ద మళ్ళీ తీసుకుంది.

"అప్పా, ఆ గరిటె నాకియ్యవా?" అంది. "కాడ పొడుగున్నాది. కొమ్ములు తగలకుండా దూరం నించి పొయ్యొచ్చు."

గరిటె నా చేతిలోనే ఉంది. అత్తగారికి, సన్యాసికి వడ్డించాను, ఇంకా ఇద్దరికి పులుసు వెయ్యాలి. వడ్డన అయ్యాక కడిగి ఇస్తానని చెప్పాను.